కట్టు విడిచే వేడి

ఉష చిన్నమ్మ ల్యాబులో ఎవరినో "అక్క" అంటోందని మనస్విని వానాకాలం మొదట్లోనే పట్టుకుంది. పట్టుకుంది గానీ అడగలేదు. అడగడం ఆమెకు చేతగాని పని. క్లాసులో హాజరు పలకాలన్నా ఆమె గొంతు ఒకసారి లోపలికి పోయి, మళ్లీ బయటికి రావాలి. ఈలోపు మేడం తర్వాతి నెంబరు పిలిచేస్తుంది.

"అక్క ఇయ్యాల మంచిగ పెరుగలే, యోహానన్నా," అంటుంది చిన్నమ్మ, మూత పెట్టిన గాజు పళ్లెం ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టి.

"మీ అక్కకు సల్లగుండాలె మేడం. వేడిల పెడితె అలుగుతది," అంటాడు యోహాను, బల్ల తుడుస్తూ.

యోహాను ఆ ల్యాబులో అటెండరు. సూక్ష్మజీవులకు పేర్లు పెట్టడం అతనికి అలవాటు. పళ్లెంలో ఒక మూల చుక్కంత పెడితే తెల్లారేసరికి పళ్లెమంతా పాకేదానికి 'కబ్జాదారు' అని పేరు. ఆకుపచ్చ రంగు ఊరేదాని పేరు 'పెండ్లికూతురు'. ఎంత తిండి పెట్టినా పెరగనిదాన్ని 'మా అల్లుడు' అనేవాడు. అక్క కూడా అట్లా పెట్టిన పేరే అయ్యుంటుందని మనస్విని సరిపెట్టుకుంది.

ఆమె నల్లగొండలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. సొంతూరు కట్టంగూర్ దగ్గర హైవే దిగి, ఆటోలో లోపలికి ఇరవై నిమిషాలు పోవాలి. నాయిన భిక్షపతిది మగ్గం పని. ఉష అమ్మకు చెల్లెలు. వాళ్ల పుట్టిల్లు కల్వకుర్తి. నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకుని పీహెచ్‌డీ చేస్తోంది. ఆ గదిలోనే మనస్విని ఉంటుంది. కాలేజీ నాలుగింటికి విడిస్తే, చిన్నమ్మ పని అయ్యేదాకా ల్యాబులో తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. మోకాళ్లు దిగే తెల్లకోటు, చేతిలో జువాలజీ పుస్తకం. చిన్నమ్మ మొదటిరోజే చెప్పేసింది: "దేన్నీ ముట్టొద్దు. చెయ్యి మూతికాడికి పోవద్దు. సూడు, అంతే."

చూడడం మనస్వినికి బాగా వచ్చు.

ఒకరోజు చిన్నమ్మ డీప్ ఫ్రీజరు తెరిచి, పొగలాంటి చలిలోంచి ట్యూబుల పెట్టె ఒకటి బయటికి తీసింది. చేతులకు మందపాటి తొడుగులు, కళ్లద్దాల మీద మంచు. "నాకు కనవడ్తలేదు బిడ్డా, నూటపదిహేడు ఏ వరసల ఉందో జర చదువు," అంది.

మనస్విని వంగి చూసింది. ట్యూబుల మూతల మీద అన్నీ నెంబర్లే. నూటపదిహేడు మీద మాత్రం, నెంబరు కింద, తెలుగులో రెండు చిన్న అక్షరాలున్నాయి. వ.ల. దాని కింద తేదీ, 14-9.

అమ్మ పేరు వసంతలక్ష్మి. అమ్మ పోయింది రెండేళ్ల కింద సెప్టెంబరు పదహారున.

"మూడో వరస," అని మాత్రం అంది మనస్విని.

ఆ సాయంత్రం గదిలో చిన్నమ్మ బీరకాయ చెక్కు తీస్తుంటే, మనస్విని బియ్యం కడుగుతూ కడుగుతూ మూడుసార్లు నీళ్లు ఒంపింది. నాలుగోసారి గిన్నె నింపి, గిన్నెలోకే చూస్తూ అడిగింది. "చిన్నమ్మా, అక్క అంటే అమ్మేనా?"

కత్తి ఆగింది.

"ఔ బిడ్డా," అంది ఉష. "దవాఖానల ఉన్నప్పుడు మూత్రం పరీక్షకు ఇచ్చిన్రు సూడు, అండ్ల దొరికిన బ్యాక్టీరియా గది. అమ్మ కిడ్నీల మొదలై రక్తంల కలిసింది గదే. అమ్మను తీస్కపోయింది గదే."

"ఇంక బతికే ఉందా?"

"ఉంది. సల్లగ పడుకోవెడితే ఎన్నేండ్లయినా ఉంటది. తీసి జర వేడి, జర తిండి పెడితే లేస్తది."

అన్నం ఆ రోజు మెత్తగా అయింది. ఇద్దరూ అదే తిన్నారు.

అమ్మవంటూ ఇంట్లో ఏమీ మిగల్లేదు. దినాల నాడే చీరలు, దుప్పటి, తలకింది మెత్త అన్నీ ఇచ్చేశారు. అట్లా ఇచ్చేయాలట, లేకపోతే పోయినవాళ్లు వాటి కోసం తిరుగుతారట. తిరిగితే తిరగనీ అని మనస్విని అప్పుడు అనుకుంది, కానీ పద్నాలుగేళ్ల పిల్ల మాట ఎవరడుగుతారు? మిగిలింది ఒక్కటే. దూలానికి వేలాడే చిటికి నూలు. చీర మీద ఏ బొమ్మ రావాలో లెక్కపెట్టి, నూలు పోగులను అక్కడక్కడ రబ్బరు పట్టీతో బిగించి కట్టడమే చిటికి. రంగులో ముంచితే కట్టిన చోట రంగు పట్టదు, తెల్లగా ఉంటుంది. అమ్మ చెయ్యి ఆ పనిలో ఊర్లోనే పేరున్న చెయ్యి. సైకిలు ట్యూబును దారాల్లా కోసి, ఒక కొస పంటితో పట్టి, ఇంకో కొస చేత్తో గుంజి, కన్నుమూసి తెరిచేలోపు ముడి వేసేది. సాయంత్రానికి పెదవులు నల్లగా అయ్యేవి. "మా అమ్మ లిప్‌స్టిక్కు పెట్టింది," అని మనస్విని ఆటపట్టించేది. జ్వరం రాకముందు అమ్మ కట్టిన ఆఖరి నూలు అది. నాయిన దాన్ని రంగులో ముంచలేదు. ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పితేనే నేయడానికి పనికొస్తుంది. విప్పాల్సి వస్తుందనే ముంచలేదు.

ఇప్పుడు ఇంకొకటి ఉన్నదని తెలిసింది. ఫ్రీజరులో, మూడో వరసలో.

దాన్ని అసహ్యించుకోవాలని మనస్వినికి తెలుసు. డైరీలో రాసింది కూడా: 'అది మా అమ్మను చంపింది.' రాసి, కింద గీత గీసింది. కానీ గీత కింద చెయ్యి ఆగకుండా ఇంకో వాక్యం రాసింది: 'అమ్మ లోపల వెచ్చగా ఉన్నప్పుడు అమ్మతో ఉన్నది, ఇప్పటికీ ప్రాణంతో ఉన్నది, ఈ లోకంలో అదొక్కటే.' ఆ వాక్యాన్ని కొట్టేద్దామనుకుని కొట్టేయలేకపోయింది.

మర్నాటి నుంచి ల్యాబులో ఆమె స్టూలు తలుపు దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా ఇంక్యుబేటరు వైపు జరిగింది. ఇంక్యుబేటరంటే చిన్న బీరువా అంత పెట్టె. సూక్ష్మజీవులకు కావలసిన వేడిని డిగ్రీ తేడా లేకుండా పట్టి ఉంచుతుంది. ముందు అద్దం తలుపు, పైన ఎర్రటి అంకెలు.

"ఏం మనస్వినమ్మా, రోజుకో జాన జరుగుతున్నవ్?" అన్నాడు యోహాను. "ఇట్లనే జరిగితె దసరకు అండ్లనే కూసుంటవ్, నీకు గూడ మూత పెట్టాల్సొస్తది."

మనస్విని నవ్వింది. జరగడం మానలేదు.

చిన్నమ్మ ఆమెకు అంతా వివరించింది. ఇంట్లో ఎరిగిన మాటల్లోనే చెప్పింది.

"మందు రంగనుకో. బ్యాక్టీరియా నూలు. మందుల ముంచితే పట్టాలె, సావాలె. కానీ దీనికి కట్టుంది. కట్టున్నదాంక మందు లోపలికి పోదు. గా కట్టు పేరు ప్లాస్మిడ్. ఉంగరం లెక్క ఉంటది, కంటికి కనవడది. ఏ మందుకు ఎట్ల తప్పించుకోవాల్నో అండ్ల రాసుంటది."

"పుట్టుకతోనే ఉంటదా?"

"లేదు. ఏ మురికి మోరీలనో, ఏ చెర్లనో పక్కదొకటి ఇస్తది. ఒకదానికొకటి పంచుకుంటయ్. కానీ ఉంగరం మోసుడు ఊకెనే అయితదా? గీ నూటపదిహేడు దాని ఉంగరం ఉంది సూడు, వేడికి ఆగదు. ముప్పై డిగ్రీలల మంచిగుంటది. మన ఒంటి వేడికి గూడ నడుస్తది. నలభై రెండుకు పోయిందో, ఉంగరం ఆగమైతది, మోసేదాన్ని గూడ ఆగం జేస్తది. రెండుగ చీలాల్సింది చీలదు, పెరగది. ఎక్కడనో ఒకటి ఉంగరం జారిడుస్తది. జారిడిసిందే మళ్ల పెరుగుతది."

చిన్నమ్మ చేస్తున్న పని అదే. నూటపదిహేడును నలభై రెండు డిగ్రీల్లో వరసగా ఐదు రోజులు పెంచాలి. రోజూ పాత ఫ్లాస్కు నుంచి చుక్క తీసి కొత్త ఫ్లాస్కులో వేయాలి. ఐదోరోజుకు ఎన్ని ఉంగరాన్ని విడిచాయో లెక్క తేలాలి. అది తేలితే పరిశోధన అయిపోతుంది. పెద్దల పేరు మీద బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్య లోపల తేల్చమని ఆమె గైడు సారు గడువు పెట్టాడు.

"అయిపోయినంక?" అంది మనస్విని.

"అయిపోయినంక రోగుల నుంచి తీసినయన్నీ ఆటోక్లేవుల పెట్టి చంపాలె. రూలు."

"అన్నీనా?"

ఉష ఫ్లాస్కుల మీద తేదీలు రాయడం మొదలుపెట్టింది.

రెండోరోజు చిన్నమ్మ మైక్రోస్కోపులో చూపించింది. ముందు ముప్పై డిగ్రీల్లో పెరిగినవి. పొట్టిగా, బియ్యపు నూకల్లా, హుషారుగా ఉన్నాయి. తర్వాత నలభై రెండులో పెరిగినవి. మనస్విని కన్ను ఆనించి, వెంటనే తీసేసి, మళ్లీ ఆనించింది. అవి సాగిపోయాయి. తెగలేక, చీలలేక, పొడుగ్గా, చిక్కుపడ్డ నూలు పోగుల్లా పడి ఉన్నాయి.

"వాటికి నొప్పయితదా?"

"నొప్పెక్కడిది బిడ్డా, వాటికి నరాలుంటయా?" అంది చిన్నమ్మ. అని, తనే ఇంకోసారి మైక్రోస్కోపులోకి చూసింది.

నలభై రెండంటే ఎంతో మనస్విని పుస్తకం వెనకాల లెక్క కట్టింది. జ్వరం లెక్కలో నూట ఏడున్నర. అమ్మకు నూట ఐదు వచ్చినప్పుడే తడిబట్ట వేసిన నిమిషానికి ఎండిపోయేది. అవ్వ, నాయిన తల్లి, గిన్నెలో నీళ్లు మారుస్తుంటే మనస్విని బట్ట పిండి నుదుటి మీద, మెడ మీద, అరచేతుల మీద వేసేది. "సల్లగుంది బిడ్డా, ఇంకోసారెయ్యి," అనేది అమ్మ కళ్లు తెరవకుండానే. తెల్లారి దవాఖానకు తీసుకుపోయారు. దవాఖానలో బట్ట వేయనివ్వలేదు. పిల్లలు లోపలికి రావద్దన్నారు. అమ్మ ఆఖరిసారి మనస్విని నుంచి అడిగింది తడిబట్టే. ఆ ఇంకోసారి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

మూడోరోజు సాయంత్రం ఐదు దాటింది. చిన్నమ్మ సారు గదికి పోయింది. యోహాను బయట గాజుసామాను కడుగుతున్నాడు, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. మనస్విని స్టూలు ఇంక్యుబేటరు పక్కనే ఉంది. అద్దం వెనక ఫ్లాస్కు పలుచగా, దాదాపు నీళ్లలా ఉంది. పెరగడం లేదు. పైన ఎర్రటి అంకెలు, 42.0.

చిన్నమ్మ నొక్కగా ఎన్నిసార్లు చూసిందో. బాణం కిందికి ఉన్న బటన్. మనస్విని వేలు దాని మీదికి పోయింది. నలభై ఒకటి. నలభై. ముప్పై దగ్గర ఆపి, వచ్చి స్టూలు మీద కూర్చుంది. పుస్తకం తెరిచింది. అక్షరాలు కనిపించలేదు. రెండేళ్ల తర్వాత మొదటిసారి అమ్మ నుదుటి మీద బట్ట వేసి వచ్చినట్టుంది ఆమెకు.

చిన్నమ్మ తిరిగి వచ్చి, హడావుడిగా సంచి భుజానికి తగిలించుకుని, "పా బిడ్డా, ఆలస్యమైంది," అని లైట్లు ఆర్పింది. అంకెల వైపు చూడలేదు.

మర్నాడు శనివారం. ఇద్దరూ తొమ్మిదింటికే ల్యాబుకు వచ్చారు. చిన్నమ్మ సంచి ఇంకా దించలేదు, ఇంక్యుబేటరు ముందు ఆగిపోయింది. అద్దం వెనక ఫ్లాస్కు పాలు పోసినట్టు చిక్కగా, మబ్బుగా ఉంది.

"యోహానన్నా!"

యోహాను చీపురుతోనే వచ్చాడు.

"ప్లగ్గు పీకినవా? కరెంటు పోయి వస్తె గిట్లనే సెట్టింగు పోతది. మొన్న గూడ నీ ఫోను ఛార్జింగు గిక్కడ్నే పెట్టినవ్!"

"మొన్న పెట్టిన మేడం. నిన్న పెట్టలే."

"మరి ముప్పై ఎట్లయింది? మూడు రోజుల పని! నాకింక ఎన్ని రోజులున్నయ్ సారుకు ఇచ్చెటందుకు? నువ్వు ఇరవై ఏండ్ల సంది ఉన్నవ్, నీకు నేను చెప్పాల్నా?"

"ఏసు మీద ఒట్టు, నేను ముట్టలే," అన్నాడు యోహాను. ఎప్పుడూ ఏదో ఒక మాట జోకు చేసేవాడు, ఈసారి చెయ్యలేదు. చీపురు పుల్లలు సరిచేసుకుంటూ నేల చూశాడు. "మీరు పీకినవంటె అందరు పీకిన్ననే అనుకుంటరు. మీ ఇష్టం."

మనస్విని గొంతు లోపలికి పోయింది. మళ్లీ వస్తుందేమోనని చూసింది. రాలేదు. యోహాను వెనక్కి తిరిగి తలుపు దాకా పోయాడు.

"నేనే," అంది.

ఎవరికీ వినపడలేదు.

"చిన్నమ్మా, నేనే. యోహానంకుల్ కాదు. నేనే తగ్గించిన."

ఉష ఆమె వైపు తిరిగింది. కోపం ముఖంలో ఎక్కడ ఆగాలో తెలియక అటూ ఇటూ తిరిగినట్టు కనిపించింది. "ముట్టొద్దని చెప్పిన్నా లేదా? సల్లగైతే ఏమయితదో ఎరుకేనా నీకు? ఉంగరం జారిడిసినదానికి పక్కది మళ్ల ఇస్తది. మూడు రోజులు విడిసినయన్నీ ఒక్క రాత్రిల మళ్ల కట్టుకుంటయ్! ఎందుకు చేసినవ్?"

"కాలుతుందని."

"ఏంది కాలేది?"

"ఒళ్లు," అంది మనస్విని. "అమ్మకు ఒళ్లు కాలుతుందని."

యోహాను చీపురు గోడకు ఆనించి, "చాయ తెస్త," అని ఎవరూ అడగకుండానే బయటికి పోయాడు.

ఉష బీరువా తెరిచి ఒక ఫైలు తీసింది. కాగితాలు తిప్పి ఒకటి మనస్విని ముందు పెట్టింది. అచ్చు వేసిన ఫారం. కింద నీలం సిరాతో, వంకర గీత మీద, గుండ్రటి పెద్ద అక్షరాలు: వసంతలక్ష్మి. 'క్ష' దగ్గర పెన్ను జారి గీత పడింది.

నోటు పుస్తకాల మీద, రేషను కార్డు మీద, మనస్విని ప్రోగ్రెసు కార్డుల మీద ఉండే సంతకమే అది. మనస్విని వేలు ముందుకు చాచి, ముట్టకుండా ఆపింది.

"ముట్టు. ఇది ముట్టొచ్చు," అంది ఉష. "ఇగ ఇను. పధ్నాలుగో తారీకు. చెయ్యి వణుకుతాంది, కానీ తెలివితోనే ఉంది. నమూనా మా ల్యాబుకు తీస్కుంట అక్కా అన్న. ఏం జేస్తవే అన్నది. నీకు చెప్పినట్టే చెప్పిన. మందు రంగసుంటిది, దానికి కట్టుంది, మందులన్నీ వాపస్ వస్తున్నయ్ అని. ఇన్నది. ఇని నవ్వింది బిడ్డా. నవ్వి ఏమన్నదో ఎరుకనా?"

మనస్విని తల అడ్డంగా ఊపింది.

"'ఓసి ఉషా, కట్టన్నంక ఇడిసే వేడి ఒకటుంటది. రంగునీళ్లు మసిలితె నా కట్టే ఇడుస్తది. గా వేడెంతో సూడరాదు?' అన్నది. నేను గింత సదివిన, నాకు తట్టలే. జ్వరంల ఉండి గామె చెప్పింది. 'నాకు గాకున్నా సరే తీయ్,' అని గూడ అన్నది. 'గీది నాతోనే అయిపోవాలె. ఇంకో ఇంటికి పోవద్దు,' అని సంతకం వెట్టింది. పని అయిపోతే చంపేస్తమని గా కాయితంల ఉంది. సదివించుకునే పెట్టింది."

మనస్విని కాగితం వైపే చూస్తూ, "నలభై రెండు పెట్టుంటే అమ్మ బతుకుతుండెనా?" అంది.

"లేదు. గంత జ్వరమొస్తే బ్యాక్టీరియా కన్న ముందు మనిషే పోతది. గిది మందు గాదు బిడ్డా. తెలుసుకునుడే. తెలిస్తే రేపు ఎవరన్న ఇంకొకరు మందు జేస్తరేమో." ఉష ఫైలు అంచు గోటితో గీరింది. "రెండేండ్ల సంది ఎందుకు సాగుతాంది అనుకున్నవ్ గీ పని? రెండుసార్లు మొదలువెట్టిన. రెండుసార్లూ రెండో రోజే ఆపిన. సారుకు మెషీను చెడిందని చెప్పిన. అయిపోతే చంపాలె గద. నిన్ను నేనేం తిట్టాలె?"

యోహాను మూడు చాయలు తెచ్చాడు. ఉష లేచి నిలబడి, "తప్పయింది యోహానన్నా," అంది. "నాకు గాదు మేడం, నా ఫోనుకు చెప్పున్రి. గది ఊకెనే మాటవడ్డది," అన్నాడతను. మనస్విని గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. చాయ మీద మీగడ కట్టింది.

ఫ్రీజరులోంచి నూటపదిహేడు మళ్లీ బయటికి వచ్చింది. కొత్త ఫ్లాస్కులో పడింది. ఉష ఇంక్యుబేటరు తలుపు వేసి, బటన్ మీదికి పోబోయిన చెయ్యి ఆపి, మనస్విని వైపు చూసింది.

మనస్విని లేచి వచ్చింది. బాణం పైకి ఉన్న బటన్. ముప్పై ఒకటి, ముప్పై రెండు. వేలు మెల్లగా నడిచింది. ముప్పై ఏడు దగ్గర ఆగింది. మామూలు రోజుల్లో, కట్లు కట్టి కట్టి అలిసిన సాయంత్రం, పక్కన పడుకుంటే తగిలే అమ్మ ఒంటి వేడి అది. అక్కడే ఉంచేయాలనిపించింది. చిన్నమ్మ తొందరపెట్టలేదు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. ఇప్పుడు గిన్నె, అవ్వ, తడిబట్ట. నలభై ఒకటి.

నలభై రెండు.

వేలు తీసి కోటు జేబులో పెట్టుకుంది.

ఐదు రోజులు గడిచాయి. ఆరోరోజు చిన్నమ్మ పళ్లెంలో మొలిచిన చుక్కలు యాభై ఎంచి, ఒక్కోదాన్ని పుల్ల కొసతో తాకి, ఒకసారి వట్టి తిండి ఉన్న పళ్లెంలో, ఒకసారి మందు కలిపిన పళ్లెంలో అదే గడిలో పెట్టింది. మర్నాడు రెండూ పక్కపక్కన పెట్టి మనస్వినిని పిలిచింది. "లెక్కవెట్టు. నోటితోనే."

వట్టి పళ్లెంలో యాభైకి యాభై మొలిచాయి. మందు పళ్లెంలో వరసల మధ్య అక్కడక్కడ ఖాళీలున్నాయి. మనస్విని చిటికి నూలు చదివినట్టు ఎడమ నుంచి కుడికి చదివింది. "పన్నెండు ఖాళీలు."

"పన్నెండు కట్టిడిసినయ్," అంది చిన్నమ్మ. పుస్తకంలో రాసుకుంటూ అంకె రెండుసార్లు దిద్దింది. వట్టి పళ్లెంలో ఆ పన్నెండూ కుదురుగా, గుండ్రంగా, మిగతావాటికంటే కొంచెం పెద్దగా ఉన్నాయి.

"ఇవి గూడ అమ్మ దగ్గరియేనా?"

"గదే నూలు బిడ్డా. కట్టు లేదంతే."

"ఇప్పుడు మందుకు చస్తయి కదా. ఎవరికీ ఏం చెయ్యవు. ఇండ్ల ఒక్కటి దాచుకుంటె…" మనస్విని ఆగింది. ఉష ఫైలున్న బీరువా వైపు చూసింది. మనస్విని కూడా అటే చూసింది. 'పని అయిపోతే అన్నీ' అని ఉంది కాగితంలో. అమ్మ చదివించుకునే సంతకం పెట్టింది.

"వద్దులే," అంది మనస్విని.

శుక్రవారం యోహాను ఫ్లాస్కులు, పళ్లేలు, మూడో వరస ట్యూబు అన్నీ ఒక సంచిలో మూతి బిగించి, ఆటోక్లేవులో దించాడు. పెద్ద ప్రెషర్ కుక్కరులాంటిది అది. నూట ఇరవై ఒక్క డిగ్రీల ఆవిరిలో ఏదీ బతకదు. ఉష కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. మూత తిప్పబోతూ యోహాను తల మీది గుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. "పోయిరా అక్కా," అన్నాడు. ఇంటి మనిషితో చెప్పినట్టు, మెల్లగా. మూత బిగించాడు.

ఆ ఆదివారం పెత్రమాస. మనస్విని ఊరికి పోయింది. అవ్వ ఆండాళు అమ్మ పేరు మీద బియ్యం, పప్పు, బెల్లం, సొరకాయ చాటలో పెట్టి అయ్యగారికి ఇప్పించింది. వీధిలో ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు మూటలు కట్టుకుని వస్తున్నారు. మనస్విని మాత్రం దూలం కింద నిలబడి ఉంది. నూలు దుమ్ము పట్టింది. రబ్బరు కట్లు నల్లదనం పోయి బూడిద రంగుకు తిరిగాయి. ఒకదాన్ని గోటితో నొక్కితే సన్నగా పగులు కనిపించింది.

"నాయినా," అంది. గొంతు ఈసారి ఒక్కసారికే వచ్చింది. "దీన్ని రంగుల ముంచుదమా?"

భిక్షపతి మగ్గం మీద నుంచి తల ఎత్తలేదు. "ఇప్పుడెందుకు బిడ్డా."

"ఇంకో ఎండకాలం పోతె రబ్బరు అదే తెగుతది. అప్పుడు ముంచినా అమ్మ కట్టిన బొమ్మ రాదు."

"రెండేండ్ల సంది నేను మొత్తుకుంటున్న," అంది అవ్వ వాకిట్లోంచి. "ముసల్ది మొరిగితె నీకు చెవులవడదు. బిడ్డ చెప్పింది, ఇప్పుడన్న ఇన్నవా లేదా?"

మగ్గం కాసేపు కొట్టుకోవడం ఆగింది. మళ్లీ కొట్టుకుంది. మర్నాడు పొద్దున నాయినే పొయ్యి ముట్టించి, ఎర్రరంగు కాగులో కలిపాడు. నీళ్లు వేడెక్కుతుంటే అవ్వ వేలు ముంచి చూసి, "ఇంక పెంచకు, కట్టిడుస్తది," అంది. మనస్విని కూడా వేలు ముంచి చూసింది. ఎన్ని డిగ్రీలో ఆమె అడగలేదు.

మధ్యాహ్నానికి నూలు ఆరింది. నాయిన కత్తి చేతికిచ్చి, తను మాత్రం గడప మీద అటు తిరిగి కూర్చున్నాడు. మనస్విని ముందుగా ఒక్క కట్టు దగ్గర, నూలుకు తగలకుండా, రబ్బరును కోసింది. లోపల నాలుగు వేళ్ల మేర తెల్లగా ఉంది. రెండేళ్ల కింద అమ్మ చేతిలో ఎట్లా ఉందో అట్లాగే, ఒక్క చుక్క ఎరుపు పాకకుండా.

కోసిన రబ్బరు ముక్క ఆమె అరచేతిలోకి రాలింది. బయట పారేయబోయి, వెలుతురులో చూసింది. ఒక కొస దగ్గర రెండు చిన్న గాట్లున్నాయి. పక్కపక్కన, లోతుగా. పంటితో పట్టి గుంజిన చోటు.

"నాయినా," అని పిలిచింది. "ఒక్కసారి ఇటు తిరుగు."